మూడో చుట్టు

చాచా పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఇందల్వాయి దాటాక హైవే పక్కన ఎండుటాకులు ఊడ్పిస్తున్నాను. ఎండాకాలం ముందు మా అటవీ శాఖకు ఏటా ఉండే పనే. ఎవరైనా బీడీ ముక్క విసిరేస్తే నిప్పు అడవిలోకి పాకకుండా రోడ్డు అంచును శుభ్రం చేసి పెట్టుకుంటాం. లారీల మోతలో ఫోను సరిగ్గా వినపడలేదు. చాచీ గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు వెంటనే ఎక్కలేదు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని గోడకు ఒరిగి కూర్చున్నాడట. ఆమె చాయ్ తెచ్చేసరికి లేడట. "చాయ్ గట్లనే ఉన్నది బేటీ," అంది. పనివాళ్ళు చీపుళ్ళు ఆపి నా వైపు చూస్తుంటే, ఊడ్చండి అని కసిరాను. వాళ్ళేం చేశారు పాపం.

బోధన్ చేరేసరికి మధ్యాహ్నమైంది. జనాజా అప్పటికే శ్మశానానికి లేచింది. ఆడవాళ్ళతో పాటు లోపలి గదిలో కూర్చున్నాను. గుమ్మం పక్కన ఆయన చెప్పులున్నాయి. టైరు ముక్కతో అడుగులు కొట్టించిన చెప్పులు, మడమల దగ్గర కాలి నల్లబడ్డాయి. ఎవరో వాటిని తీసి మూలకు పెట్టబోతే చాచీ ఉండనీయమంది. నాకు ఏడుపు రాలేదు. ఏడ్చే హక్కు నాకుందా అన్న అనుమానమే లోపల తిరుగుతోంది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుందామని కాగితం ముందు పెట్టుకున్నాను గానీ, ఆ అనుమానం సంగతి చెప్పకుండా రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు.

చాచా నాకు చుట్టం కాదు. ఐదేళ్ళ కిందట నన్ను బోధన్ వైపు బీట్ ఆఫీసరుగా వేసినప్పుడు, అక్కడి కంచకు కాపలా ఉన్న వాచర్. కంచ అంటే మా వైపు ఎవరూ దున్నని గడ్డినేల. ఎడపల్లి దాటి పోతూ ఉంటే చెరకు తోటలూ వరి మళ్ళూ ఆగిపోయిన చోట మొదలవుతుంది. జీపులో పోయేవాళ్ళకు అది ఉత్త బీడు. ధర్పల్లిలో పసుపు పండించే ఇంట పుట్టినదాన్ని, పంట లేని నేల ఏదైనా నా కంటికి ఖాళీ జాగే. మొదటి రోజే ఆ మాట ఆయన ముందు అనేశాను. ఆయన కోప్పడలేదు. గడ్డిలో గొంతుక్కూర్చుని, రమ్మని సైగ చేసి, ఒక దుబ్బును రెండు చేతులా విడదీసి చూపించాడు. లోపల అరచేతిలో పట్టేంత గూడు ఉంది, పోయినేటిది, అందులో ఏమీ లేదు. "గిదొక్కటి ఖాళీ జాగ మేడం," అన్నాడు. "మిగిలినయన్ని ఇండ్లే."

నలుగురిలో ఉంటే మేడం, ఇద్దరమే ఉంటే బేటీ. ఈ లెక్క ఆయన తప్పింది రెండే రెండుసార్లు. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. నేను రెండు గుక్కల్లో తాగేసి లేచి నిలబడితే, నాలుక కాలినా తెలియని మనిషివి నువ్వు, నీ చేతికి అగ్గిపెట్టె ఎట్ల ఇయ్యాలె అని ఎగతాళి చేసేవాడు. నా బూట్లంటే ఆయనకు పడేది కాదు. నేల మీద కాలు పెట్టినట్టే ఉండదట, పెట్టె మీద నిలబడ్డట్టుంటుందట.

అంతకుముందు ఆయన చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్లోకి చెరకు పిప్పి ఎగదోసే పని చేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక వాచర్‌గా వచ్చాడు. నిప్పుతో ఆయన పరిచయం అక్కడిది. బాయిలర్లో ఉన్న మంట కట్టేసిన బర్రె లాంటిదనీ, కంచలో మంటకు తాడు మన చేతుల్లో ఉండదు, గాలి చేతుల్లో ఉంటుందనీ చెప్పేవాడు.

ట్రైనింగులో నాకు నేర్పిందంతా మంట ఆర్పడం. బోధన్‌లో చేరిన మొదటి చలికాలం నాకు పడిన పని మంట పెట్టడం. నమ్మలేక కాగితం రెండుసార్లు చదువుకున్నాను. సంగతేమిటంటే, ఆ కంచకు వానాకాలంలో నేల నెమలి అనే పిట్ట వచ్చేది. కోడిపెట్టంత ఉంటుంది. దేశం మొత్తం మీద ఇప్పుడు చాలా కొద్దిగా మిగిలింది. దానికి మోకాలెత్తు గడ్డి కావాలి. నేల బోడిగా ఉంటే దాక్కోలేదు, గడ్డి నడుమెత్తు పెరిగి చిక్కుపడితే మసలలేదు. ఒకప్పుడు మేకలవాళ్ళు కొత్త చిగుళ్ళ కోసం ఎండల్లో కంచ మొత్తానికీ ఒకేసారి అగ్గి పెట్టేవాళ్ళు. అది తప్పని మా శాఖవాళ్ళు మంట అన్నదే లేకుండా చేశారు. ఏళ్ళ తరబడి అలా ఉండేసరికి పాత గడ్డి పరుపులా పేరుకుంది, సర్కారు తుమ్మ లోపలిదాకా వచ్చేసింది, పిట్ట రావడం మానేసింది. చివరికి పైనుంచి అనుమతి వచ్చింది. కంచను నాలుగు ముక్కలు చేసి, ఏడాదికొక ముక్క, చలి పూర్తిగా పోకముందే, జాగ్రత్తగా కాల్చాలి. మిగతా మూడు ముక్కలూ జీవాలకు ఆసరాగా ఉంటాయి. కాగితం మీద అది మా అందరి పని. నిజానికి చాచాకు తప్ప మాలో ఎవరికీ చేతకాదు.

ఆ పిట్టను ఆయన పడుచుతనంలో చూశాడు. దాని సంగతి ఎత్తితే ముఖమే మారిపోయేది. "గడ్డిలకెల్లి పైకి లేస్తది, మళ్ల ఆడ్నే పడ్తది. కిందికెల్లి ఎవలో ఎగరేసి పట్టుకున్నట్టు," అనేవాడు. చెబుతూ చెబుతూ తువ్వాలు ఉండచుట్టి ఎగరేసి పట్టుకుని చూపించేవాడు. ఆ పిట్టను మళ్ళీ ఒక్కసారి చూడాలన్నది ఆయనకు ఉన్న ఒకే ఒక్క కోరికేమో అనిపించేది.

ఆయన పద్ధతి మహా నిదానం. నాలాంటి తొందర మనిషికి ఒళ్ళు మండిపోయేది. కాల్చబోయే ముక్కను మడి అనేవాడు. ముందు మడి చుట్టూ గడ్డి కోయించి, మట్టి కనబడేదాకా గీకించేవాడు. పసుపు చేలల్లో మందు కొట్టే పంపుల్లో నీళ్ళు నింపి మనుషులను మూలల్లో నిలబెట్టేవాడు. నిప్పు ఎగిరిపడితే కొట్టి ఆర్పడానికి మోదుగ కొమ్మలు తడిపి పెట్టించేవాడు. మంచు ఆరేదాకా ఆగి, ఎండిన చెరకాకును నలిపి గాలిలోకి వదిలి ఎటు పడుతుందో చూసేవాడు. గాలి పోయే వైపు అంచును ముందుగా సన్నగా కాల్చి నల్లటి పట్టీ చేసేవాడు, పెద్ద మంట అక్కడికి వచ్చి తినడానికేమీ లేక ఆగిపోవాలని. కంచ లోపలికి తెరుచుకునే వైపు మాత్రం ఒక్క మనిషిని కూడా ఉంచేవాడు కాదు. అది తలుపు, తలుపులో మనిషి నిలబడితే లోపలివాళ్ళు బయటికి ఎట్లా వస్తారు అని ఆయన వాదన.

ఇవన్నీ అయ్యాక గంటల కర్ర తీసేవాడు. వెదురు కర్రకు ఎద్దుల మెడగంటలు నాలుగు కట్టి ఉంటాయి. దాన్ని నేలకు తాటిస్తూ మడిని మూడుసార్లు తిరగాలి. ఇది ఏ కాగితంలోనూ లేదు, ఆయన సొంతం. "మొదటి సుట్టు జీవాలు ఇనేతందుకు బేటీ. రెండోది లేచి పోయేతందుకు. మూడోది మనకోసం," అన్నాడు మొదటి ఏడు. మనకోసమేమిటి అని అడిగాను. మొదటి రెండు చుట్లూ అంచుల వెంట తిరిగితే చాలు. మూడోసారి మాత్రం మడి లోపలికి దిగి, నాగలి సాళ్ళలాగా ఈ కొస నుంచి ఆ కొసకు, కళ్ళు నేల మీద పెట్టి నడవాలి. కుందేళ్ళూ కంజు పిట్టలూ గంటలు వినగానే పోతాయి. జింక పిల్ల పోదు. తల్లి ఎక్కడ పడుకోబెట్టి మేతకు పోయిందో అక్కడే, చెవి కూడా కదపకుండా పడి ఉంటుంది. కాలు తగిలినా లేవదు.

"ఉరికేటియి మనం లేకున్న ఉరుకుతయి," అన్నాడు. "తల్లి మాట నమ్మి పండుకున్నదాన్ని మనమే సూడాలె. సూడకుంటె తర్వాత మనకే నిద్రుండది."

మూడో చుట్టుకు గంట పైన పట్టేది. ఆ ఏడు ఆయనే తిరిగాడు. ఒక పిల్ల దొరికింది కూడా. చేతులకు మట్టీ గడ్డీ రుద్దుకుని, మనిషి వాసన తగలకుండా తువ్వాలులో ఎత్తి, పక్క మడిలో నీడన పెట్టి వచ్చాడు. తల్లి వచ్చి దాన్ని వెతుక్కునేదాకా మంట పెట్టనివ్వలేదు. అందరం ఎండలో కూర్చున్నాం. తర్వాత ఆయన బిస్మిల్లా అనుకుని అగ్గిపుల్ల గీశాడు. మధ్యాహ్నానికి మడి నల్లగా, శుభ్రంగా, గీసిన గీత దాటకుండా కాలి ఆరిపోయింది. ఒకటి రెండు తేలికపాటి జల్లులకే చిగుళ్ళు వచ్చాయి.

ఆ వానాకాలం ఒక ఉదయం ఇద్దరం గొడుగులు వేసుకుని మడి అంచున కూర్చున్నాం. నేను ఫోనులో హాజరు వేసుకుంటున్నాను, సిగ్నల్ దొరక్క తిప్పలు పడుతున్నాను. చాచా నా మోచేయి పట్టుకున్నాడు. తలెత్తేసరికి గడ్డి ఊగుతోంది, అంతే. ఆయన గొడుగు కింద పడిపోయింది, ముఖం మీద వాన కారుతోంది. "పిట్ట అచ్చింది," అన్నాడు. నిజంగానే చూశావా చాచా, కళ్ళద్దాలు కూడా లేవు కదా అన్నాను. అలా అన్నందుకు రెండు రోజులు నన్ను మేడం అనే పిలిచాడు, ఇద్దరమే ఉన్నప్పుడు కూడా.

ఇక రెండో ఏడు. ఇది రాయడానికి మూడుసార్లు లేచి నీళ్ళు తాగాను.

ఆ చలికాలం ఆయన మోకాళ్ళు బాగా పట్టేశాయి. గంటల కర్ర తెచ్చి నా చేతికిచ్చాడు. ఈసారి నువ్వు తిరుగు అన్నాడు. గర్వంగా అనిపించింది, అది దాచను. ఆయన ఎదుటి మూలకు పోయి, తెల్లటి మచ్చలా కనబడేంత దూరంలో, అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు పని చూడటానికి రేంజర్ సారు ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి జీపు దగ్గర ఎదురుచూస్తున్నారు. మొదటి చుట్టు తిరిగాను. రెండో చుట్టు తిరిగాను. నాలుగు కుందేళ్ళు పోయాయి, కంజుల గుంపొకటి లేచింది, ఆ తర్వాత ఏదీ కదల్లేదు. పది దాటితే గాలి మారుతుందని తెలుసు. జీపు హారన్ మోగింది. ఫోటోలు గ్రూపులో పెట్టావా అని ఫోనూ మోగింది. లోపలికి రెండు సాళ్ళు నడిచాను, కర్ర చంకన పెట్టుకుని, ఒక చేత్తో ఫోటోలు పంపుతూ. ఏమీ లేదు కదా అనుకున్నాను. ఇంతసేపు మోగించినా లేవనిది ఇంకేముంటుంది అనుకున్నాను. బయటికి వచ్చేశాను.

"అయిందా బేటీ?" అని అటునుంచి కేక వేశాడు. అందరూ ఉన్నారు, అయినా బేటీ అనే అన్నాడు.

"అయింది చాచా. మూడూ అయినయ్," అని అరిచాను.

ఆయన వెంటనే పుల్ల గీయలేదు. కాసేపు నా వైపే చూస్తూ నిలబడ్డాడు. గాలి చూసుకుంటున్నాడనుకున్నాను.

మంట చక్కగానే నడిచింది. గీత దాటలేదు. ఆరిపోయాక పొగలోంచి చాచా ఒక్కడే లోపలికి నడిచి ఒకచోట ఆగాడు. భుజం మీది తువ్వాలు తీసి కింద కప్పాడు. నేను అక్కడికి పోయేసరికి వంగి రెండు చేతులతో మట్టి తోడుతున్నాడు, నేల ఇంకా వేడిగా ఉంది. మడి అంచున జింక తల్లి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి పారిపోలేదు. తల్లి చూడకముందే పిల్లను పూడ్చాలని ఆయన తొందర, అప్పటికే అది చూస్తోంది. సాయంత్రం దాకా ఆ నల్లటి నేల మీదే తిరిగింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

రేంజర్ సారు గట్టిగానే అడిగారు. నేను చాచా పక్కనే నిలబడి ఉన్నాను. "తప్పు నాదే సార్. నేను సూడాలె, సూడలే," అన్నాడాయన. నోరు తెరిచి నేను ఒక్క మాట అంటే చాలు. తెరవలేదు. కొత్త ఉద్యోగం, ఇంట్లో బాపుకు చెప్పుకోవాలంటే సిగ్గు, ఇలాంటి సాకులు అప్పుడు చాలా ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ నిలబడటం లేదు. మర్నాటి నుంచి రావద్దని ఆయనకు చెప్పారు. వాచర్ నిర్లక్ష్యం వల్ల జరిగిందనీ, ఈ పద్ధతి క్షేమం కాదనీ ఫైలులో రాశారు. కంచలో మంట పెట్టడం ఆగిపోయింది. రెండు మడులు మిగిలిపోయాయి. కాలిన మడుల్లోనూ గడ్డి మళ్ళీ నడుమెత్తు పెరిగింది. పిట్ట మళ్ళీ వచ్చిందని ఎవరూ చెప్పలేదు. నేను నిజం చెప్పి ఉంటే, తప్పు పద్ధతిది కాదు నాదని తేలేది, పని ఆగేది కాదు. ఒక్క అబద్ధంతో ఆ ముసలాయన కంచనూ పోగొట్టాను, పిట్టనూ పోగొట్టాను.

చెప్పుకుందామని ఆయన ఇంటికి రెండుసార్లు పోయాను. మొదటిసారి చాయ్ తాగి, మోకాళ్ళకు ఏ నూనె మంచిదో మాట్లాడి వచ్చేశాను. రెండోసారి, ఇందల్వాయికి బదిలీ అయిన వారం, గట్టిగా అనుకునే పోయాను. "చాచా, ఆ రోజు," అని మొదలుపెట్టాను. ఆయన సాసర్లోని చాయ్‌నే చూస్తున్నాడు. "ఆ రోజు గాలి మంచిగనే ఉండె బేటీ," అన్నాడు. నా చాయ్ రెండు గుక్కల్లో తాగేసి లేచాను. తర్వాత ఫోనులో పండుగలకు పలకరింపులే. ఆయనకు ఏమీ తెలియదని ఒకసారి, అంతా తెలుసునని ఒకసారి అనుకుంటూ ఏళ్ళు గడిపాను.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు పోయినప్పుడు చాచీ నన్ను వెనక గదిలోకి పిలిచింది. అటక మీద నుంచి గుడ్డలో చుట్టిన గంటల కర్ర తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను. జరిగిందంతా చెప్పేశాను, ఆగకుండా. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి అంతా విన్నది.

"ఆయనకు తెల్సు బేటీ," అంది. "రెండు సుట్లే ఇనవడ్డయంట. మూడోది ఇనవడలే. మరి అగ్గెందుకు వెట్టినవని నేనడిగిన. బేటీ అయిందన్నది, నా చెవులను కాదని ఆమె మాట నమ్మిన, తప్పు నాదే అన్నడు. ఎప్పుడడిగిన గదే మాట."

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ రెండేళ్ళుగా ఆయన ఉన్నట్టుండి చాయ్ తాగడం ఆపి, గంటలు వినబడుతున్నాయా అని అడిగేవాడట. ఏ గంటలూ లేవని ఆమె చెబితే సరేనని తలూపి మళ్ళీ సాసరు అందుకునేవాడట.

తెలిసి ఉంటే, నన్ను కాపాడటానికే తప్పు తన మీద వేసుకున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది మోయడానికి కొంత తేలిక. ఆయన నన్ను కాపాడలేదు. నిజంగానే తప్పు తనదని నమ్మి, ఆ నమ్మకంతోనే గోడకు ఒరిగి పోయాడు. తన చెవుల కన్నా నన్ను ఎక్కువ నమ్మడమే ఆయన చేసిన తప్పు.

మర్నాడే పై అధికారికి ఉత్తరం రాశాను. రెండు చుట్లే తిరిగాననీ, మూడు అయ్యాయని చెప్పింది నేననీ, ఆ పద్ధతిలో లోపం లేదనీ రాసి సంతకం పెట్టాను. నా మీద విచారణ ఉంటుందన్నారు, ఉండనీయండి. మిగిలిన మడుల సంగతి మళ్ళీ చూస్తామని కూడా అన్నారు. చూస్తారో లేదో నాకు తెలియదు.

పోయిన ఆదివారం కర్ర తీసుకుని కంచకు పోయాను. బూట్లు గట్టు మీద విప్పేశాను. చుట్టుపక్కల చెరకు నరుకుతున్న చప్పుడు తప్ప మనుషుల అలికిడి లేదు. ఆ రెండో మడిలో గడ్డి ఇప్పుడు నా ఛాతీ దాకా ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు, కర్ర నేలకు తాటిస్తూ, కళ్ళు కింద పెట్టి ఒక్కో సాలే నడిచాను. మంట పెట్టేవాళ్ళు ఎవరూ లేరు, నా చేతిలో అగ్గిపెట్టె లేదు. గడ్డి విడదీసిన ప్రతిచోటా కింద ఏదో పడుకుని నన్ను చూస్తున్నట్టే ఉంది, వంగి చూస్తే మట్టి. నాలుగో సాలులోనో ఐదో సాలులోనో ఎదుటి మూల నుంచి ఆ కేక వినపడింది. గాలే అయి ఉంటుంది. అయిందా బేటీ?

"కాలే చాచా," అన్నాను, పైకే. "ఇంకా తిరుగుతున్న."